పిలిచి నొక్కే మనిషి

కొంచెం దగ్గరకు జరిగి కూర్చోండి. గోడకు ఆనుకుంటే సున్నం అంటుతుంది, ఈ చాప మీదికి రండి. వెనక ఫ్యాక్టరీ మిషన్ల మోత ఆగదు, నా గొంతు పెద్దది కాదు. దూరంగా కూర్చుంటే సగమే వినపడుతుంది, సగం విన్న మాట మంచిది కాదు.

మా ఆయన అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరు. పెళ్లయిన కొత్తలో జనగామ వైపు నుంచి ఉప్పల్‌కు వచ్చాం. తర్వాత ఆయన డ్యూటీకి నడిచి పోవచ్చని ఈ నాచారంలో ఇల్లు తీసుకున్నాం. ఆయన నడిపే మిషన్ బస్సంత పొడుగుండేదట. ఈ చివర మీటలు, ఆ చివర అట్టలు అందుకునే మనిషి, నడుమ రోలర్లు. మీట దగ్గరున్నవాడికి అవతలివాడి చేతులు కనపడవు. అందుకని వాళ్లకు ఒక పద్ధతి ఉండేది. మీట నొక్కే ముందు దాని పేరు గట్టిగా పిలవాలి. అట్ట లోపలికి తోసే మీటైతే "ఫీడ్" అని పిలిచి, అవతల నుంచి "ఆఁ" అని వినపడ్డాకే నొక్కాలి. పిలవకుండా నొక్కితే అవతలివాడి వేళ్లు నలిగిపోతాయి. మా ఆయన నొక్కిన మీటకు ఒక్క మనిషి వేలు కూడా పోలేదు.

ఆ పద్ధతి ఆయన ఒంట్లోకి దిగిపోయింది. ఇంట్లో లైటు వేయాలన్నా "లైట్" అనేవాడు. మిక్సీ దగ్గర నిలబడి "మిక్సీ" అని పిలిచి, నేను "ఆఁ" అనేదాకా స్విచ్ మీద వేలు పెట్టుకుని ఉండేవాడు.

"ఇదేమన్న ఫ్యాక్టరా? పచ్చడి నూరనీకి గూడ నా పర్మిషన్ గావాల్నా?" అని నవ్వేదాన్ని.

"పచ్చడి మళ్ల నూరుకోవచ్చు. నీ వేళ్లు మళ్ల యాడ దేవాలె?" అనేవాడు.

మాటకారి మనిషి. మా చర్చిలో గుడ్‌ఫ్రైడే మధ్యాహ్నం ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ఒకరి తర్వాత ఒకరు నిలబడి చెప్తారు. ఐదోది, దాహమని చెప్పే "దప్పిగొనుచున్నాను" అనే ఆ ఒక్క మాట, ఏళ్ల తరబడి మా ఆయనదే. ముందు ఆ మాట ఒక్కటే పలికి కాసేపు ఆగేవాడు. తర్వాత రేకుల షెడ్డులో ఎండాకాలం నాలుక అంగిట్లో ఎట్లా అంటుకుపోతుందో చెప్పేవాడు. వింటున్నవాళ్లు నీళ్ల సీసాల కోసం సంచులు తడుముకునేవాళ్లు.

అలాంటి మనిషికి ఒక వానాకాలం డ్యూటీలో ఉండగానే పక్షవాతం వచ్చింది. దవాఖానాలో చాలా రోజులు ఉన్నాం. కుడి కాలు కొంత తిరిగి వచ్చింది, కుడి చెయ్యి అంతకన్నా తక్కువ వచ్చింది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పింది అర్థమయ్యేది, చెప్పాలని ఉండేది, నోరు తెరిస్తే గాలి వచ్చేది. మాటలు నేర్పే డాక్టరమ్మ బొమ్మలు చూపించి ఇదేమిటి, అదేమిటి అని అడిగేది. ఆవు బొమ్మ చూపిస్తే ఈయన గోడ వైపు తిరిగేవాడు. ఇంత వయసొచ్చి, పిల్లకు పెళ్లి చేసి పంపిన మనిషి, ఆవును చూసి ఆవు అని చెప్పాలా అని ఆయనకు సిగ్గు.

అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు, చూడటానికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "బ్రదర్, ఐదో మాట ఎవ్వరికి ఇయ్య. అది నీదే. వచ్చే గుడ్‌ఫ్రైడేకు నువ్వే నిలవడాలె. ప్రసంగం అవసరం లేదు. ఆ ఒక్క మాట పలుకు, సాలు," అన్నాడు. మా ఆయన ఎడమ చేత్తో అయ్యగారి చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ రోజు నుంచి మా ఇంటికి గుడ్‌ఫ్రైడే ఒక్కటే పండగ. ఆ ఒక్క మాట వస్తే ఈయన బతికినట్టు, రాకపోతే లేదు అన్నట్టు ఉన్నాం ఇద్దరం.

మా మరిదికి ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పని. ఒకరోజు ఎవరో వద్దని వదిలేసిన పాత కంప్యూటరు, వెనక మూట ఉన్న పెద్ద టీవీలాంటిది, షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

"ఏంది తమ్మీ ఇది, గుండ్రాయి లెక్కుంది?" అన్నాను.

"అన్నకు ఆట తెచ్చిన వదినా. ఆటోవాడు దీనికి గూడ టికెట్ అన్నడు. అది దిగదు, నేనే దిగుత అన్న."

తెర నల్లగా ఉంది, దాని మీద పచ్చటి అక్షరాలు. కొత్తగా చేసిన ఆటేనట, పాతకాలం మిషన్‌లా కనపడాలని అట్లా చేశారట. మా ఆయన ఫ్యాక్టరీలో మిషన్ మీద ఉండే చిన్న తెర కూడా అచ్చం ఇట్లాగే పచ్చగా ఉండేది. అందుకే ఇది ఏరుకుని తెచ్చాడు మరిది.

"దీన్నేమంటరు?" అని అడిగాను.

"హ్యాకింగ్ ఆట. వేరేటోళ్ల కంప్యూటర్ల తాళంచెవి లేకుంట దూరుడు."

"అంటే దొంగతనం."

"ఉత్తుత్త దొంగతనం వదినా. పోలీసులు రారు."

"అయ్యగారొస్తడు గదా."

"వస్తే ఆయనకు గూడ ఒక తాళం అప్పజెప్దం."

ఆట ఇట్లా ఉంటుంది. లోపల గదులుంటాయి, గదికొక తాళం. తాళం ముందు కొన్ని ఇంగ్లీషు మాటలు వరసగా నిలబడతాయి. వాటిలో ఒక్కటే తాళం తీసేది. మనం ఒకదాన్ని టైపు చేస్తే, అందులో ఎన్ని అక్షరాలు సరైన చోట పడ్డాయో తెర చెప్తుంది. దాన్ని బట్టి మిగిలిన వాటిలో ఏదో పోల్చుకోవాలి. నాలుగైదు సార్లు తప్పితే తెర మెరిసి గది మూసుకుపోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. నాకు ఇంగ్లీషు రాదు. తెలుగైనా నాలుగో తరగతి దాకా చదివిందే. మరిది పక్కన కూర్చుని చెప్తే ఇదంతా తెలిసింది. మా ఆయనకు మాత్రం మిషన్ మీద పనిచేసి ఇంగ్లీషు అక్షరాలు బాగా వచ్చు.

మొదటి రోజు ఆయన తెర ముందు కూర్చుని, ఎడమ చేతి వేలు మీట మీదికి తెచ్చి, ఆపేశాడు. నొక్కడు.

"నొక్కు అన్నా. ఏం గాదు, పాడైనా నేనే బాగుజేస్త," అన్నాడు మరిది.

ఆయన నొక్కలేదు. పెదవులు కదులుతున్నాయి, మెడ నరాలు లేస్తున్నాయి. నాకు భయం వేసింది, మళ్లీ వాతం వస్తోందేమోనని. వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తుంటే అప్పుడు అర్థమైంది. ఈ మనిషి పిలవకుండా నొక్కడు. నోట్లో నుంచి మాట బయటికి రానిదే వేలు కిందికి దిగదు. మరిది టీ తాగడం అయిపోయింది, బయటికి వెళ్లి ఫోన్ మాట్లాడి వచ్చాడు. ఈయన ఇంకా అట్లాగే ఉన్నాడు. చివరికి ఎక్కడి నుంచో, బావిలో నుంచి బొక్కెన లాగినట్టు, "గేట్" అని వచ్చింది.

నేను అలవాటు కొద్దీ "ఆఁ" అన్నాను. అప్పుడు నొక్కాడు.

గేట్ తప్పు మాటట. తాళం రాలేదు. వదినా మరుదులం ఇద్దరం గడపలో కూలబడి ఏడ్చాం.

ఆ తర్వాత మా ఇంట్లో రోజూ అదే. ఆయన తెర ముందు, నేను పొయ్యి ముందు. ఒక్కో మాట కోసం పొద్దున సగం పోయేది. మాట వచ్చేది, నేను "ఆఁ" అనేదాన్ని, నొక్కేవాడు. మొదట ముక్కలుగా వచ్చేవి, తర్వాత తర్వాత నిండుగా. పైవాటాలో ఉండే అక్క మెట్ల మీద నుంచి అడిగేది, "ఏందే, మీ ఆయన ఇంగ్లీష్ కోచింగ్ వెట్టిండా? పొద్దుగాల్నుంచి డోరు, ఫ్లోరు, రివరు అంటుండు."

"నువ్వు గూడ చేరక్కా. ఫీజు లేదు," అనేదాన్ని.

కూరలో ఒకరోజు ఉప్పు మరిచిపోయాను. ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన "ఉప్పు" అన్నాడు. మొదటి తెలుగు మాట. "తక్కువైందా?" అన్నాను. కాసేపు వెతుక్కుని, "లేదు" అన్నాడు. తక్కువ కావడం కాదు, అసలు వేయనే లేదని. అంత ఆనందంగా నేను ఎప్పుడూ ఉప్పు వేయలేదు.

మా బిడ్డ అన్నోజిగూడలో ఉంటుంది. ఆదివారం ఫోన్ చేస్తే ఎప్పటిలాగే ఆయన చెవి దగ్గర పెట్టాను. "నాయినా, మంచిగున్నవా?" అని అది అంటోంది. ఈయన ఊపిరి తీసుకుని, "తిన్నవా," అన్నాడు. మళ్లీ అన్నాడు, "తిన్నవా." బిడ్డ వెక్కివెక్కి ఏడుస్తూ, తిన్న నాయినా, తిన్న అంది. ఏం కూరో కూడా చెప్పింది.

క్రిస్మస్ దాటేసరికి ఐదో మాట మీద పడ్డాడు. అది నోటికి తిరగని పొడుగు మాట. సగం వచ్చేది, అక్కడ ఆగిపోయేది. ఆట ఆడి, మాటలు వదులైన తర్వాత ప్రయత్నిస్తే ఇంకో అక్షరం ముందుకు జరిగేది. అయ్యగారు విని చప్పట్లు కొట్టాడు. "సగం దూరం వచ్చినవ్ బ్రదర్. మిగిలిన సగం గుడ్‌ఫ్రైడే లోపల రాదా?"

వస్తుందనే అందరం అనుకున్నాం. నేనైతే ఆయన తెల్లచొక్కా పెట్టెలో నుంచి తీసి నీలం పెట్టి ఉతికి ఉంచాను.

అప్పుడు శ్రమల దినాలు వచ్చాయి. గుడ్‌ఫ్రైడేకు ముందు నలభై దినాలు మేము ఉపవాసాలుంటాం. మా వాళ్లలో ఒక అలవాటు ఉంది. ఆ దినాలు మొదలయ్యే రోజు ఎవరి ఇంట్లోనన్నా ప్రార్థనకు కూడి, ఒక్కొక్కరు తమకు ఇష్టమైనది ఒకటి దేవుని కోసం వదిలిపెడుతున్నామని అందరి ముందు చెప్తారు. దేని కోసం వదులుతున్నారో మనసులో అనుకుంటే చాలు, బయటికి చెప్పక్కర్లేదు. ఆ ఏడు ప్రార్థన మా ఇంట్లో పెట్టుకున్నాం.

పైవాటా అక్క చాయ్ వదిలేస్తానంది. "అయితే ఈ నలభై దినాలు మా ఇంట్ల అందరికి శ్రమలే," అన్నాడు వాళ్లాయన. మరిది బిర్యానీ అన్నాడు.

"పోయినేడు గూడ బిర్యానీ అన్నవ్. రామంతాపూర్ల ఓటల్ల కనవడ్డవ్," అన్నాడు అయ్యగారు.

"అది పలావ్ అయ్యగారూ."

నేను రాత్రి చూసే సీరియల్ అన్నాను. అందరూ నవ్వుతుండగా మా ఆయన ఎడమ చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి నెమ్మదిగా తిరిగి కంప్యూటరు వైపు చూపించింది.

"ఆట," అన్నాడు. స్పష్టంగా అన్నాడు.

అయ్యగారు లేచి వచ్చాడు. "అది వద్దు బ్రదర్. నీకు అది ఆట గాదు, మందు. ఇంకేదన్న ఇయ్యి."

"ఆట."

"దేనికోసం ఇస్తున్నవ్?"

ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అది లోపలి మాట, చెప్పను అని. ఇక అయ్యగారు ఏమనగలడు. ప్రార్థన చేశాడు, అందరం ఆమెన్ అన్నాం. ఆమెన్ అన్న తర్వాత ఇచ్చింది తిరిగి తీసుకోవడం మా ఇళ్లలో లేదు. నేను దుప్పటి తెచ్చి కంప్యూటరు మీద కప్పాను.

కొన్ని రోజులు బాగానే ఉన్నాడు. ఉన్న మాటలు ఉన్నాయి. కానీ పిలిచే పని లేదు, నేను "ఆఁ" అనే పని లేదు. ఇల్లు నిశ్శబ్దమైంది. ఒక సాయంత్రం చీకటి పడుతుంటే ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. లైట్ అంటాడని నేను పిండి చేత్తోనే ఎదురు చూస్తున్నాను. ఆయన ఏమీ అనలేదు. స్విచ్ నొక్కాడు, లైటు వెలిగింది, వచ్చి కూర్చున్నాడు. పెళ్లయిన నాటి నుంచి పిలవకుండా ఆయన స్విచ్ నొక్కడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు కావాలనే పప్పులో ఉప్పు వేయలేదు. ఎదురుగా కూర్చుని ఆయన నోటి వైపు చూస్తూనే ఉన్నాను. ముద్ద తర్వాత ముద్ద, కంచం ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నాడు.

మరిదికి ఫోన్ చేశాను. వచ్చీ రాగానే దుప్పటి లాగేశాడు. "దేవుడు నీ మీద కోపం జేసుకోడు అన్నా. నా మీద వడుతడు, వడనీ. ఆడు." మా ఆయన కర్ర పట్టుకుని లేచి, కిందపడ్డ దుప్పటి తీసుకుని, ఆ సరిగా మూసుకోని కుడి చేత్తో కూడా సాయం పట్టి, మళ్లీ కప్పాడు. మూలలు కూడా సర్దాడు. అయ్యగారు కూడా వచ్చాడు. "బ్రదర్, నేనే చెప్తున్న. మొక్కు తీరినట్టే. దేవుడు దినాలు లెక్కవెట్టుకుంట కూసోడు," అని బతిమాలాడు. ఈయన తల అడ్డంగా ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

అయ్యగారు వాకిట్లోకి వచ్చి నాతో అన్నాడు, "అమ్మా, ఇంత విశ్వాసం నాకే లేదు. దీన్ని యెట్ల ఇరగ్గొట్టమంటవ్?"

ఫోన్‌లో బిడ్డ "నాయినా" అంటే వింటూ ఉండేవాడు. అటు నుంచి అదే అడిగేది, తిన్నవా నాయినా అని. ఈయన ఫోన్ నాకు అందించేవాడు.

గుడ్‌ఫ్రైడే నాడు ఎండ నిప్పులు చెరిగింది. తెల్లచొక్కా తొడిగి, గుండీలు నేను పెట్టాను. వద్దు, ఇంట్లోనే ఉందామంటే వినలేదు. చర్చి నిండిపోయింది. నాలుగు మాటలు అయ్యాయి. ఐదో మాటకు అయ్యగారు ఏమీ ప్రకటించలేదు, ఇటు చూశాడంతే. మరిది చెయ్యి పట్టుకుని ఈయన ముందుకు వెళ్లి జనం వైపు తిరిగి నిలబడ్డాడు.

నోరు తెరిచాడు. నేను ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని ఉన్నాను. నా గొంతులో "ఆఁ" తయారుగా ఉంది. సగం మాట వచ్చినా, ఒక్క అక్షరం వచ్చినా నేను పలికేదాన్ని, చర్చి అని కూడా చూసేదాన్ని కాదు. పెదవులు ఆ మాట ఆకారంలోకి రావాలని చూశాయి. రాలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరి బిడ్డో ఏడిస్తే తల్లి ఎత్తుకుని బయటికి పోయింది. ఆయన నోరు అట్లాగే తెరిచి ఉంది. ఎవ్వరూ నీళ్ల సీసా ముట్టలేదు. చివరికి అయ్యగారు భుజం మీద చెయ్యి వేసి తెచ్చి కూర్చోబెట్టాడు. ఆరో మాట చెప్పాల్సినవాడు లేచి, బైబిల్లో నుంచి ఆ ఒక్క వాక్యం చదివి కూర్చున్నాడు.

ఈస్టర్ ఆరాధన నుంచి వచ్చాక దుప్పటి నేనే తీశాను. మొక్కు తీరింది కదా. మరిది మిషన్ ఆన్ చేశాడు. పచ్చటి అక్షరాలు వచ్చాయి. మొదటి గది, ఇంతకు ముందు ఆయన టీ చల్లారేలోపు తెరిచే తాళం. వేలు నేరుగా మీటల మీదికి దిగింది. నొక్కాడు. ఏదో నొక్కాడు. మళ్లీ ఏదో. తెర మెరిసి మూసుకుపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ మూసుకుపోయింది.

"అన్నా, పిలువు. పిలిచి నొక్కు. నువ్వే గదా నాకు నేర్పింది," అన్నాడు మరిది. మా ఆయన తమ్ముడి ముఖం చూశాడు. ఎవరో తెలియని మనిషి సంగతి చెప్తుంటే మర్యాదకు విన్నట్టు విన్నాడు. తర్వాత లేచి మంచం మీదికి పోయాడు.

దవాఖానాకు తీసుకెళ్తే, నడుమ తెలియకుండానే ఇంకోసారి చిన్నగా పక్షవాతం వచ్చి ఉండొచ్చన్నారు. ఎప్పుడో చెప్పలేమన్నారు. ఆట ఆపినందుకేనా అని మరిది అడిగాడు. అందుకే అనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం అంది డాక్టరమ్మ. ఎవరినన్నా తిట్టుకుందామంటే నాకు ఒక్క మనిషి దొరకలేదు. అయ్యగారు వద్దన్నాడు, తమ్ముడు వద్దన్నాడు, నేను వద్దన్నాను. దేవుడు అడిగాడా అంటే, ఆయనా అడగలేదు.

ఒక మధ్యాహ్నం నేనే అడిగాను. "ఏమయ్యా, ఆ దినం ఏం కోరుకున్నవ్? మాట గావాల్ననా?" తల నిలువుగా ఊపాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. "బిడ్డ కోసమా?" ఊపాడు. "నా మోకాళ్ల నొప్పుల కోసమా?" ఊపాడు. "నీకన్న ముందు నేను పోవద్దనా?" దానికీ ఊపాడు. నాకు అనుమానం వచ్చి, అప్పటికి ఇంకా అన్నం పెట్టలేదు, "అన్నం తిన్నవా?" అన్నాను. ఊపాడు.

అవును, కాదు అనేవి కూడా పోయాయి ఆయన దగ్గర నుంచి.

మరిది కంప్యూటరు తీసుకుపోయాడు, నేను ఆపలేదు. ఇప్పుడు ఇంట్లో ఇద్దరి మాటా నేనే మాట్లాడతాను. ఆయన అనాల్సింది అనుకుని నేనే జవాబు చెప్తాను. ప్రార్థనలో కూర్చుంటే మాత్రం నోరు పెగలదు. మాట కోసమే ఆయన ఆట ఇచ్చేసి ఉంటే, అది దొరకలేదని ఏడవాలి. బిడ్డ కోసమో నా కోసమో ఇచ్చి ఉంటే, బిడ్డ బాగానే ఉంది, నేను తిరుగుతూనే ఉన్నాను. అంటే ఆయన అడిగింది దొరికినట్టే. అప్పుడు వందనాలు చెప్పాలి. ఆయన మాట పోయినందుకు నేను వందనాలు చెప్పాలా? మోకాళ్ల మీద కూర్చుంటాను, కూర్చుని లేస్తాను.

సరే, పొద్దుపోయింది, మీ ఇంట్లో మీ కోసం చూస్తుంటారు. పోయి రండి. ప్రభువు మీ ఇంటిని చల్లగా చూడాలి. మీ ఇంట్లో ఆకలైనవాళ్లు అడిగి పెట్టించుకోవాలి, కోపమొచ్చినవాళ్లు అరిచి చల్లారాలి. గుండెలో ఏం దాచుకున్నా, పక్కనున్నవాళ్లకు అది చెప్పుకునేంత మాట, చెప్పుకునేంత కాలం మీ అందరికీ మిగిలి ఉండాలి.